ద్రవ ఇంధన రాకెట్ మోటార్ – 4వ పాఠం: గోడ కరగకుండా కాపాడే లెక్క

సెకనుకు ఖర్చయ్యే ద్రవ్యరాశిని వాయువు వెలువడే వేగంతో గుణిస్తే థ్రస్ట్ (రాకెట్‌ను ముందుకు తోసే బలం) వస్తుందని గత పాఠంలో చూశాం. కాగితం, పెన్సిల్ దగ్గర పెట్టుకోండి; అదే సూత్రంతో ఈసారి వేడి సంగతి తేల్చుదాం. 1930లలో ఔత్సాహికుల మోటార్లు పదే పదే కాలిపోయింది ఇక్కడే.

అమెరికన్ రాకెట్ సొసైటీ తొలి మోటార్‌కు నీటి జాకెట్, అంటే మంట మండే గది (చాంబర్) గోడ చుట్టూ నీరు నింపిన తొడుగు, ఉండేది. కదలని నీరు త్వరగా మరిగిపోతుంది, పైగా దాని బరువూ రాకెట్టే మోయాలి. ఆ సొసైటీ సభ్యుడు జేమ్స్ వైల్డ్ ఇంధనాన్నే నాజిల్ (వేడి వాయువు బయటికి దూసుకొచ్చే గొట్టం) వైపు నుంచి పంపి, గోడ చుట్టూ తిప్పి, ఆ తర్వాతే ఇంధనాన్ని మంటలోకి చిమ్మే ఇంజెక్టర్‌కు చేర్చాడు. గోడ నుంచి గుంజుకున్న వేడి ఇంధనంతోపాటు తిరిగి మంటలోకే వెళ్తుంది. ఎంత చక్కని ఉపాయం! 1938 డిసెంబర్ 10న ఆ మోటార్ సుమారు 90 పౌండ్ల థ్రస్ట్‌తో 13.5 సెకన్లు మండింది.

90 పౌండ్లంటే 400 న్యూటన్లు. వాయువేగం సెకనుకు 2000 మీటర్లు అనుకుందాం. 400 ÷ 2000 = సెకనుకు 0.2 కిలోలు ఖర్చవుతాయి. ఆక్సిజన్ 1.5 పాళ్లు, ఇంధనమైన ఆల్కహాల్ 1 పాలు అనుకుంటే ఆల్కహాల్ వాటా సెకనుకు 0.08 కిలోలు. మామూలు వాతావరణ పీడనంలో ఇది 78 డిగ్రీల దగ్గర మరుగుతుంది. 20 డిగ్రీల నుంచి అక్కడిదాకా పెరుగుదల 58. విశిష్టోష్ణం, అంటే ఒక కిలోను ఒక డిగ్రీ వేడి చేయడానికి కావలసిన వేడి, 2.4 కిలోజౌళ్లు. 0.08 × 2.4 × 58 = సుమారు 11 కిలోవాట్లు (సెకనుకు 11 కిలోజౌళ్లు). మరగకుండా ఆల్కహాల్ గోడ నుంచి తీసుకోగల వేడికి ఇదే హద్దు. జాకెట్‌లో పీడనం ఎక్కువ కాబట్టి మరిగే ఉష్ణోగ్రత కూడా పెరుగుతుంది. ఆ తేడాను లెక్కలో కలపకుండా భద్రత కోసం వదిలేయండి.

మొత్తం వేడి ఈ హద్దులోనే ఉన్నా గొంతు దగ్గర గోడ కరగవచ్చు. నాజిల్‌లో అన్నిటికన్నా ఇరుకైన ఆ చోటే చదరపు సెంటీమీటరుకు తగిలే వేడి అత్యధికం. అక్కడ ద్రవం నెమ్మదిగా పారితే గోడను అంటి ఆవిరి పొర ఏర్పడుతుంది. ఆవిరి వేడిని సరిగా తీసుకోలేదు, లోహం క్షణాల్లో కరుగుతుంది. అందుకే గొంతు చుట్టూ జాకెట్ సందును సన్నగా ఉంచి ప్రవాహ వేగం పెంచుతారు. ఆల్కహాల్‌లో నీళ్లు కలపడం ఇంకో దారి: మంట వేడి తగ్గుతుంది, ద్రవం మోయగల వేడి పెరుగుతుంది, థ్రస్ట్ మాత్రం కొంత పోతుంది.

అభ్యాసం: ఆక్సిజన్ పాళ్లను 1.2కు తగ్గించి మళ్లీ లెక్కించండి. జవాబు 12.7 కిలోవాట్ల దగ్గర రావాలి. రాకపోతే 0.2ను 2.2తో భాగించారో లేదో చూసుకోండి. వచ్చే పాఠంలో, మంట ఆలస్యంగా అంటుకుంటే చాంబర్ ఎందుకు పేలుతుందో చూద్దాం.