"డల్‌గా ఉంది సార్" అంటే డాక్టరుకు ఏం తెలుస్తుంది?

పోయిన వేసవిలో మా కుక్క టామీ రెండు రోజులు సంగటి ముద్ద వాసన కూడా చూడలేదు. కడపలో మేం ఎప్పుడూ చూపించే డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. "ఏమైంది?" అన్నారాయన. "డల్‌గా ఉంది సార్" అన్నాను. ఎప్పటి నుంచి అంటే నిన్నటి నుంచని నేను, మొన్న పొద్దుటి నుంచని మా ఆవిడ. మూత్రం ఏ రంగులో పోస్తోందంటే ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆయన ఇంకేమీ అడగకుండా టామీ చెవి మడత తిప్పి చూపించారు. సెనగ గింజంత పిడుదు ఒకటి, దాని చుట్టూ ఆవగింజలంతవి మరో పది. రోజూ తల నిమిరే చెయ్యి నాది, ఒక్కటీ తగల్లేదు.

మందు రాయడం డాక్టరు పని. ఆయన ముందు ఏం చెప్పాలన్నది మాత్రం మనం ఇంటి దగ్గరే చూసుకుని పోవాలి.

సమస్య: కుక్క తినదు, లేవదు

కారణం: వంద ఉండొచ్చు. పిడుదులు పట్టిన కుక్కయితే ముందు అనుమానించాల్సింది పిడుదుల జ్వరాన్నే. అందులోనూ రకాలున్నాయి. ఎర్లికియాలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి, పొట్ట మీద ఎర్రటి చుక్కలు రావొచ్చు, ముక్కు నుంచి రక్తం కారొచ్చు. బేబీసియాలో చిగుళ్లు పాలిపోతాయి, మూత్రం కాఫీ డికాషన్ రంగులోకి తిరుగుతుంది. దాని మందు వేరు, దీని మందు వేరు. రక్తపరీక్ష రాస్తే "ఊరికే ఖర్చు" అనుకోవద్దు.

ఏం చేయాలి: చివరిసారి కడుపునిండా ఎప్పుడు తిన్నది, నీళ్లు తాగుతోందా, మూత్రం రంగేమిటి, ఈ నెలలో పిడుదులు పీకారా, ఈ నాలుగూ ఫోన్‌లో రాసుకోండి. పై పెదవి ఎత్తి చిగుళ్ల రంగు చూడండి. "ఒళ్లు కాలుతోంది" అన్న మాటతో పని జరగదు. కుక్క ఒంటి వేడి మామూలుగానే 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంటుంది, అందుకే మన చేతికి ఎప్పుడూ వెచ్చగానే తగులుతుంది. డిజిటల్ థర్మామీటర్ చివర కాస్త వాజిలిన్ రాసి మలద్వారంలో పెట్టి చూడాలి. దాన్ని కుక్కకే వదిలేయండి, పిల్లల జ్వరానికి మళ్లీ తీయకండి.

ఇంకో మాట. ఎర్లికియాకు డాక్సీసైక్లిన్ మామూలుగా 28 రోజులు రాస్తారు. అయిదో రోజుకే కుక్క గిన్నె నాకేస్తుంది, మనం మాత్రలు ఆపేస్తాం. నెల తర్వాత జ్వరం తిరగబెడితే "మీ మందు పని చేయలేదు సార్" అంటాం!

సమస్య: కుక్కపిల్లకు వాంతులు, విరేచనాలు

"ఏదో తినుంటుందిలే" అని తెల్లారేదాకా ఆగడమే ఇక్కడ ప్రమాదం. ఆరు నెలల్లోపు పిల్ల, టీకాలు పూర్తి కాలేదు, విరేచనంలో రక్తం, భరించలేని కంపు ఉంటే పార్వో అనే వైరస్ జబ్బు కావొచ్చు. వెంటనే ఫోన్ చేసి టీకాల సంగతి ముందు చెప్పండి. ఆసుపత్రిలో పిల్లను కింద వదలకండి, పక్క కుక్కపిల్లలకు అంటుకుంటుంది. ఎన్నిసార్లు, ఏ రంగు అన్నది మాటల్లో చెప్పలేకపోతే ఫోటో తీయండి. సిగ్గేం లేదు, డాక్టర్లు రోజూ చూసేదే.

సమస్య: పిల్లికి మోషన్ రావట్లేదు

మగపిల్లి అయితే ఈ మాట అనేముందు ఇసుక తట్ట దగ్గర కాసేపు కూర్చుని గమనించండి. చాలాసార్లు ఆగేది మలం కాదు, మూత్రం. పిల్లి ముక్కే తీరు చూసి మనం మలబద్ధకం అనుకుంటాం. ఆముదం తాగించి రేపటిదాకా చూద్దామంటే ప్రాణం మీదికొస్తుంది. "పొద్దుటి నుంచి ముక్కుతోంది, చుక్క కూడా పడలేదు" అని చెప్పండి. రాత్రయినా సరే తీసుకుపోవాల్సిన కేసు ఇది.

సమస్య: డాక్టరుకు జబ్బు అంతుపట్టట్లేదు

కారణం చాలావరకు మన దగ్గరే ఉంటుంది. తిడతారని దాచేస్తాం. పిల్లికి జ్వరమని పారాసిటమాల్ వేసుంటాం; ఒక్క మాత్ర కూడా దాని ప్రాణం తీయగలదు. కుక్క కుంటుతోందని ఇంట్లో ఉన్న నొప్పి మాత్ర వేసుంటాం. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ కుక్క కడుపులో పుండ్లు చేస్తాయి, కిడ్నీలనూ దెబ్బతీస్తాయి. ఆదివారం మిగిలిన మటన్ పులుసు సంగటిలో కలిపి పెట్టడం మా ఇంట్లోనూ ఉండేది. పులుసులోని ఎర్రగడ్డ (ఉల్లి), తెల్లగడ్డ (వెల్లుల్లి) ఉడికినా సరే కుక్క నెత్తురులోని ఎర్రకణాలను పగలగొడతాయి. పైగా ఆ నీరసం తిన్న రోజే కనపడదు, కొన్ని రోజులు పడుతుంది.

ఏం చేయాలి: ఏం పెట్టారో, ఎంత పెట్టారో, ఎన్ని గంటలకో చెప్పేయండి. మాత్రల స్ట్రిప్పు జేబులో వేసుకుని పోండి. తిడితే పడదాం.

ఎండదెబ్బకు మాత్రం ఈ ముచ్చట్లేవీ పనికిరావు. మే నెల మధ్యాహ్నం కుక్క ఆగకుండా రొప్పుతూ తూలుతుంటే ముందు నీడకు చేర్చి, ఒళ్లంతా మామూలు నీళ్లు పోసి, ఫ్యాన్ పెట్టి, ఆ తర్వాత ఫోన్ కలపండి.

సమస్య: అన్నిటికీ తలూపి వచ్చాం, ఇంటికొచ్చాక ఏమీ గుర్తు లేదు

లేచే ముందు మూడు అడగండి. ఏ జబ్బని అనుమానం? ఏం కనిపిస్తే వెంటనే రావాలి? ఈ పరీక్షతో మందు మారుతుందా? డబ్బు సంగతి కూడా అప్పుడే తేల్చుకోండి. "ఇంతవరకే పెట్టగలం సార్" అంటే ఏది ముందు చేయాలో ఆయనే చెబుతారు. పెద్ద పరీక్షలకు ప్రొద్దుటూరు వెటర్నరీ కాలేజీకి పొమ్మంటే పాత చీటీలు, రక్తపరీక్ష కాగితాలు అన్నీ కవర్లో పెట్టుకుని బయల్దేరండి. మా టామీకి ఆ కవరు ఇంట్లో మర్చిపోయి రెండోసారి సూది గుచ్చించాం.