కమ్యూనిటీ సెంటర్ నుంచి అహింస, సామాజిక న్యాయం పని మొదలుపెట్టడం ఎలా?

అహింస అనగానే చాలా సెంటర్లలో జరిగేది ఒకటే: అక్టోబర్ 2న ఒక సభ, రెండు ప్రసంగాలు, గోడకు ఒక పోస్టర్. మర్నాడు అదే హాలు ఎవరు వాడుకోవాలన్న దగ్గర రెండు గుంపులు గొడవపడితే ఎవరికీ ఏం చేయాలో తోచదు. అహింస ఈత లాంటిది, గట్టు మీద కూర్చుని వింటే రాదు. అందుకే కింద చెప్పేదాంట్లో ఎక్కువ భాగం సాధన గురించే.

1. ఎవరు రావడం లేదో రాసుకోండి

వచ్చేవాళ్ల రిజిస్టర్ ప్రతి సెంటర్‌లోనూ ఉంటుంది. మీకు కావాల్సింది రానివాళ్ల జాబితా. పగలంతా పనిలో ఉండేవాళ్లకు మధ్యాహ్నం మూడింటికి మీటింగ్ పెడితే ఎలా వస్తారు? మెట్లెక్కలేని పెద్దవాళ్లు, చంటిపిల్లల తల్లులు, అక్కడి భాష సరిగ్గా రాని కుటుంబాలు... ఒక్కొక్కరికి ఏది అడ్డమో కనుక్కుని ముందు దాన్ని తీసేయండి.

1889లో చికాగోలో జేన్ ఆడమ్స్, ఎలెన్ గేట్స్ స్టార్ హల్ హౌస్ అనే సేవాకేంద్రం పెట్టినప్పుడు వలస కార్మికుల పేటలోనే ఇల్లు తీసుకుని ఉన్నారు. పనికి వెళ్లే తల్లుల పిల్లలను చూసుకోవడం అక్కడి తొలి పనుల్లో ఒకటి. కార్ఖానాల్లో బాలకార్మికుల గురించి చట్టం కోసం పట్టుబట్టింది ఆ తర్వాత.

2. ఒక్క సమస్య పట్టుకోండి

ఇద్దరిద్దరుగా ఇంటింటికీ వెళ్లి ఒకే ప్రశ్న అడగండి: "ఈమధ్య మీకు 'ఇది అన్యాయం' అనిపించిన సంగతి ఏంటి?" జవాబు వాళ్ల మాటల్లోనే రాయండి, పేర్లు రాయొద్దు. వచ్చినవాటిలోంచి చిన్నది ఒకటి ఎంచుకోండి. "వివక్ష పోవాలి" అని పెట్టుకుంటే పని ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. "పక్క వీధి దీపాలన్నీ వెలుగుతున్నాయి, మా వీధిలో ఆర్నెల్లుగా చీకటే" అన్నది పట్టుకోండి. దాన్ని ఎవరు బాగుచేయాలో, ఎవరిని అడగాలో వెంటనే తెలుస్తుంది.

3. రిహార్సల్ చేయండి

అసలు పని ఇదే. 1959లో అమెరికాలోని నాష్‌విల్‌లో నల్లజాతి హక్కుల కార్యకర్త జేమ్స్ లాసన్ ఒక చర్చిలో, అవమానించినా అహింసగా నిలబడడం విద్యార్థులకు నేర్పే తరగతులు నడిపారు. అంతకుముందు నాగ్‌పూర్‌లో ఉన్నప్పుడు ఆయన గాంధీ పద్ధతులు చదువుకున్నారు. ఆ తరగతుల్లో కొందరు విద్యార్థులు దాడి చేసేవాళ్ల పాత్ర వేసి తిట్టేవాళ్లు, కుర్చీలోంచి లాగేసేవాళ్లు. మిగతావాళ్లు చెయ్యెత్తకుండా కూర్చోవడం సాధన చేసేవాళ్లు. నల్లజాతివాళ్లకు వడ్డించని లంచ్ కౌంటర్ల దగ్గర 1960 ఫిబ్రవరి 13న వాళ్లు నిజంగానే వెళ్లి కూర్చున్నారు. మే 10న ఆ కౌంటర్లలో వడ్డన మొదలైంది.

మీ హాల్లో ఇలా చేయొచ్చు. ఒక బల్ల వేసి దాని వెనక ఒకరిని అధికారిగా కూర్చోబెట్టండి. ఎదుటి మనిషి వీధిదీపాల అర్జీతో వస్తారు. అధికారి తలెత్తకుండానే "మీలాంటివాళ్లకు ఇదే ఎక్కువ" అంటాడు. వచ్చినవాళ్లు గొంతు పెంచకూడదు, వెనక్కీ తగ్గకూడదు. చేతులు బల్ల మీద కనబడేలా పెట్టి, అదే మాట మళ్లీ అడగాలి: "దీపాలు ఏ తేదీకి వస్తాయో రాసివ్వండి." రెండు నిమిషాలకు ఆపేయండి. "ఏ మాట తగిలింది? అప్పుడు ఒంట్లో ఏమైంది?" అని అడగండి. ఒకరికి చెవులు వేడెక్కి ఉంటాయి, ఒకరు పిడికిలి బిగించిన సంగతి వాళ్లకే తెలిసి ఉండదు. తర్వాత పాత్రలు మార్చండి.

మొదటిసారి అందరూ నవ్వుతారు. నవ్వనివ్వండి. నేను తొలిసారి ఆ బల్ల వెనక కూర్చున్నప్పుడు ఎదుటివాళ్లను కించపరిచే మాటలు ఎంత సులువుగా నోట్లోంచి వచ్చాయో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆపమని ఎవరైనా చెయ్యెత్తి సైగ చేస్తే ఆట వెంటనే ఆగాలి, ఎందుకని అడగకూడదు.

4. తగాదాలకు ఒక గది పెట్టండి

శాన్ ఫ్రాన్సిస్కోలో 1976 నుంచి కమ్యూనిటీ బోర్డ్స్ అనే సంస్థ ఇరుగుపొరుగువాళ్లకే శిక్షణ ఇచ్చి, వాళ్ల చేత గొడవలు తీర్పిస్తోంది. పద్ధతి పెద్ద కష్టమేం కాదు. ఇద్దరు మధ్యవర్తులు ఉండాలి. ఒకరు మాట్లాడుతుంటే రెండోవాళ్లు అడ్డురాకూడదు; విన్నది తమ మాటల్లో తిరిగి చెప్పాకే తమ వంతు. ఒప్పందాన్ని కాగితం మీద పెట్టాలి: ఎవరు, ఏం, ఎప్పటిలోగా.

ఒక్క విషయంలో మాత్రం మొహమాటం వద్దు. గృహహింస, పిల్లల మీద వేధింపుల్లాంటివి ఈ గదిలోకి రాకూడదు. ఒకరంటే ఒకరికి ప్రాణభయం ఉన్నచోట "సర్దుకుపోండి" అనడం ఆ హింసకు తోడుపోవడమే. అలాంటివాళ్లను నేరుగా పోలీసు, న్యాయసహాయం, ఆశ్రయం ఇచ్చే చోట్లకు పంపండి. ఆ నంబర్లు ముందే సేకరించి పెట్టుకోండి.

5. అర్జీకి జవాబు రాకపోతే

నేరుగా రోడ్డెక్కొద్దు. వివరాలు, ఫొటోలు, మాటామంతీ, రాతపూర్వక గడువు అయ్యాకే ఊరేగింపు. అప్పుడైనా సరంజామాదే సగం పని. అమెరికాలోని మాంట్‌గోమరీలో బస్సుల్లో వివక్షకు వ్యతిరేకంగా నల్లజాతివాళ్లు 1955 డిసెంబర్‌లో మొదలుపెట్టిన బస్సుల బహిష్కరణ 381 రోజులు నిలబడిందంటే, జనం పనులకు వెళ్లడానికి కార్లు ఏర్పాటు చేసినవాళ్ల పాత్ర చాలా ఉంది. నీళ్లు, మందులపెట్టె, వృద్ధులకు కుర్చీలు ఎవరెవరు చూస్తారో ముందే పేర్లు రాయండి. ఎవరైనా రాయి పట్టుకుంటే పక్కకు తీసుకెళ్లి మాట్లాడే ఇద్దరిని కూడా.

మూడు నెలలకోసారి ఆ రానివాళ్ల జాబితా బయటికి తీయండి. దీపాలు వచ్చినా జాబితా పొట్టి కాకపోతే, మీటింగ్ టైమ్‌తో మొదలుపెట్టి మళ్లీ ఒకటో మెట్టు నుంచి చూసుకోండి.