కాలు విరిగితే ఆస్పత్రి బిల్లు, ఆఫీసు సెలవు: మొదటి రెండు రోజుల్లో చేయాల్సినవి

కిందటి వానాకాలం మియాపూర్ దగ్గర ఒక ఆటో సడన్‌గా అడ్డం తిరిగితే బ్రేక్ వేశాను, బండి జారింది, మోకాలి కింద ఎముక విరిగింది. రాడ్ వేశారు. నాలుగు రోజులు ఆస్పత్రిలో, తొమ్మిది వారాలు ఇంట్లో. కానీ అసలు దెబ్బ క్యాజువాలిటీలో తగిలిందని నాకు తర్వాత తెలిసింది. డాక్టర్ "ఎలా జరిగింది?" అని అడిగితే మా బావ, పాపం నా మంచి కోసమే, "మెట్ల మీద జారిపడ్డాడండీ" అని చెప్పేశాడు. పోలీసు కేసు అంటే స్టేషన్ చుట్టూ తిరగాలని ఆయన భయం. మన ఇళ్లల్లో చాలామంది ఇలాగే చెప్తారు.

దయచేసి అలా చెప్పొద్దు. ఆ ఒక్క వాక్యం కేస్ షీట్‌లో పడిందంటే డిశ్చార్జ్ సమ్మరీ దాకా అదే నడుస్తుంది. ఇన్సూరెన్స్ వాళ్లు నన్ను ఫోన్‌లో అడిగితే నేను రోడ్డు మీద పడ్డానన్నాను, కాగితంలో మెట్లు అని ఉంది, ఇంకేముంది, క్లెయిమ్ క్వెరీలో పడి నెలకు పైగా నలిగింది. క్యాజువాలిటీలో రాసే ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు) అంటే మీ మీద కేసు కాదు, ఇలా ప్రమాదం జరిగి మనిషి వచ్చాడని ఆస్పత్రి పోలీసులకు పంపే సమాచారం, అంతే. తారీఖు, టైము, చోటు, ఏ బండి, ఎలా పడ్డారు అన్నీ ఉన్నదున్నట్టు రాయించండి. తాగి లేకపోతే ఆ మాట కూడా రాయమనండి, ఇన్సూరెన్స్ వాళ్లు మొదట వెతికేది దానికోసమే.

ఆ కాగితం వెనక చాలా డబ్బు ఉంది. ఎదుటి బండి తప్పయితే పరిహారం కోసం మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో 6 నెలల్లోపు కేసు వేయాలి, దానికి ఎఫ్ఐఆర్ గట్టి ఆధారం. గుద్దిన బండి దొరక్కుండా పారిపోతే తీవ్ర గాయానికి 50,000 రూపాయలు, ప్రాణం పోతే కుటుంబానికి 2 లక్షలు ఇచ్చే స్కీమ్ ఉంది. ఎముక విరిగితే చట్టం లెక్కలో అది తీవ్ర గాయమే. 2025 మే నుంచి రోడ్డు ప్రమాదాలకు కేంద్రం క్యాష్‌లెస్ వైద్యం పెట్టింది, లక్షన్నర వరకు, ప్రమాదం జరిగిన నాటి నుంచి 7 రోజులు, స్కీమ్‌లో ఉన్న ఆస్పత్రుల్లో. అందులోనూ ఇది రోడ్డు ప్రమాదమేనని పోలీసులు నిర్ధారించాలి. మెట్ల మీద పడ్డవాడికి ఇవేవీ రావు.

ఇక కౌంటర్ దగ్గర. అడ్వాన్స్ కట్టే ముందే మీ దగ్గర ఏ కార్డు ఉందో చెప్పండి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ కింద కుటుంబానికి ఏడాదికి 10 లక్షల వరకు ఉంది, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ ఉంది. ఆస్పత్రిలో ఈ స్కీమ్‌ల పని చూసే ఆరోగ్యమిత్ర డెస్క్ ఎక్కడుందో వెతుక్కుని అక్కడికే వెళ్లండి, బిల్లింగ్ వాళ్లని నమ్ముకోకండి. డబ్బు కట్టి ఆపరేషన్ అయ్యాక కార్డు చూపిస్తే పని జరగడం కష్టం. ప్రైవేటు పాలసీ లేదా కంపెనీ గ్రూప్ పాలసీ ఉంటే 24 గంటల్లోపు వాళ్లకు తెలియజేయండి. కొత్త పాలసీకి మొదటి 30 రోజులు వెయిటింగ్ ఉంటుంది కదా, ప్రమాదాలకు అది వర్తించదు, ఎవరైనా ఉందంటే ఒప్పుకోకండి. రూమ్ విషయంలో మాత్రం జాగ్రత్త. పాలసీలో రూమ్ రెంట్ పరిమితి ఉండి మీరు అంతకన్నా ఖరీదైన గది తీసుకుంటే, గది తేడా ఒక్కటే కాదు, డాక్టర్ ఫీజు, ఆపరేషన్ చార్జీ కూడా అదే నిష్పత్తిలో కోసేస్తారు.

రాడ్, ప్లేట్ వేయించుకున్నవాళ్లకి ఇంకో మాట. ఆ ఇంప్లాంట్ డబ్బా మీద స్టిక్కర్ ఉంటుంది, దాన్ని, దాని బిల్లును అడిగి తీసుకోండి. నేను తీసుకోలేదు, తర్వాత దానికోసం కర్రల మీద రెండుసార్లు వెళ్లాను. ఎక్స్‌రేలు ఆపరేషన్‌కు ముందువి, తర్వాతవి రెండూ కావాలి. ఇన్సూరెన్స్ రీయింబర్స్‌మెంటు, ముఖ్యమంత్రి సహాయనిధి రెండూ ఒరిజినల్ బిల్లులే అడుగుతాయి, కాబట్టి దేనికి పెట్టాలో ముందే తేల్చుకుని, ఇచ్చేలోపు ప్రతి కాగితం ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. బండి పాలసీలో 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ ఉందిగా అనుకుంటారు చాలామంది. అది ప్రాణం పోయినా, అవయవం పోయినా, శాశ్వత వైకల్యం వచ్చినా ఇచ్చేది, ఆస్పత్రి బిల్లుకు కాదు.

ఆఫీసుకి ఏం చెప్పాలి? మేనేజర్‌కి వాట్సాప్ పెడితే సరిపోదు. అదే రోజు, పోనీ మర్నాడు, హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టండి, మీరు పెట్టలేకపోతే మీ ఫోన్ నుంచి ఇంట్లోవాళ్లతో పెట్టించండి. నాలుగు వాక్యాలు చాలు: ఫలానా రోజు ఫలానా చోట ప్రమాదం జరిగింది, ఆపరేషన్ అవుతుంది, ఇన్ని వారాలు విశ్రాంతి అన్నారు, సర్టిఫికెట్ పంపుతాను. ఆఫీసుకి వెళ్తూనో వస్తూనో జరిగితే ఆ సంగతి తప్పకుండా రాయండి. అదే మెయిల్‌లో గ్రూప్ పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ ఉందా అని అడగండి, పనికి రాలేని వారాలకు కొంత డబ్బిచ్చే పాలసీలు కొన్ని కంపెనీలు తీసుకుంటాయి, అడిగేదాకా ఎవరూ చెప్పరు. మన రెండు రాష్ట్రాల 1988 షాపుల చట్టం ప్రకారం అనారోగ్యం, ప్రమాదాలకు ఏడాదికి 12 రోజుల జీతంతో కూడిన సెలవు, అది కాక 12 క్యాజువల్ సెలవులు ఉన్నాయి. మా హెచ్‌ఆర్ నేరుగా ఎల్‌ఓపీ, అంటే జీతం లేని సెలవు, అంది. ముందు సిక్, తర్వాత క్యాజువల్, తర్వాత ఎర్న్‌డ్ వాడుకుని, అవి అయ్యాకే ఎల్‌ఓపీ వేయమని మెయిల్‌లో అడిగాను, మారు మాట్లాడకుండా మార్చారు.

సర్టిఫికెట్లలో తారీఖుల మధ్య సందు ఉండకూడదు. ఒకటి 14న ముగిసి ఇంకోటి 17న మొదలైతే ఆ రెండు రోజులు జీతం పోయినట్టే. ఆ సమయానికి డాక్టర్ సెలవు మీద ఉంటారని తెలిస్తే ముందే వెళ్లి రాయించుకోండి.

నెల జీతం 21,000 లోపు ఉన్నవాళ్లకు ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) ఉంటుంది, జీతంలోంచి 0.75 శాతం కోస్తారు కదా, ఇలాంటప్పుడే దాన్ని వాడుకోవాలి. మామూలు జబ్బుకైతే జీతంలో 70 శాతం, ఏడాదికి 91 రోజులు ఇస్తారు, దానికి ముందు కొన్నాళ్లు చందా కట్టి ఉండాలి. పనిలో తగిలిన దెబ్బయితే 90 శాతం, కోలుకునే దాకా, చేరిన మొదటి రోజు నుంచే వర్తిస్తుంది. డ్యూటీకి వెళ్లే దారిలో జరిగినవి కూడా ఇందులోకి రావచ్చు, కానీ కంపెనీ యాక్సిడెంట్ రిపోర్ట్ పంపాలి. పంపారా అని అడిగి కాపీ తీసుకోండి. సెలవు సర్టిఫికెట్ మాత్రం ఈఎస్ఐ డాక్టర్ దగ్గరే తీసుకోవాలి. మా పక్కింటి కుర్రాడు ప్రైవేటు డాక్టర్ చీటీలతో మూడు వారాలు గడిపేసి ఆ డబ్బు మొత్తం పోగొట్టుకున్నాడు. ఈఎస్ఐ డబ్బు తీసుకుంటున్న రోజుల్లో ఇంట్లోంచి లాగిన్ అయి పని చేసి జీతమూ తీసుకుంటే రెండూ చిక్కులో పడతాయి.

చేతిలో డబ్బు లేకపోతే లోన్ యాప్‌ల జోలికి వెళ్లకండి. ముందు కంపెనీని జీతం అడ్వాన్స్ అడగండి, ఆ తర్వాత పీఎఫ్ అడ్వాన్స్ చూడండి, అనారోగ్యం కారణం కింద ఆన్‌లైన్‌లోనే పెట్టుకోవచ్చు, తిరిగి కట్టక్కర్లేదు. ఫిజియోథెరపీ బిల్లులు పారేయొద్దు, డిశ్చార్జ్ తర్వాత చాలా పాలసీలు 60 రోజుల ఖర్చు ఇస్తాయి, డాక్టర్ రాసిచ్చిన చీటీ జతచేసి రెండో క్లెయిమ్ పెట్టండి. నాది అలా వచ్చింది, మొదటి క్లెయిమ్ కన్నా తొందరగానే.