మూడు పులులు, పదిహేను మేకలు: మీ ఆర్పీజీలో తూకం కుదర్చుకోవడం ఎలా

పాత గుళ్ల మండపాల్లో నేల బండల మీద పులిజూదం గీతలు చెక్కి ఉంటాయి, చూసే ఉంటారు. మూడు పులులు, పదిహేను మేకలు. పులి మేకను దూకి చంపుతుంది, మేక మాత్రం పులిని చంపలేదు, అయినా ఆట తెలిసినవాళ్లు మేకలతోనే పులుల్ని కదలకుండా కట్టేస్తారు. బలాలు సమానం కావు, కానీ గెలిచే దారి రెండు వైపులా ఉంది. ఆర్పీజీ అంటే ఒక్కొక్కరు ఒక పాత్ర తీసుకుని, పాచికలు వేస్తూ కలిసి కథ నడిపే ఆట. అందులో గేమ్ బ్యాలెన్స్, అంటే తూకం, అన్నా నాకు ఇదే. పాత్రల బలాలు రాసుకునే క్యారెక్టర్ షీట్లలో అందరికీ ఒకే అంకెలు ఉండక్కర్లేదు, ఆటలో కూర్చున్న ప్రతి ఒక్కరికీ ఎక్కడో ఒకచోట "ఇది నా వల్లే అయింది" అనిపించాలి.

కావలిలో మా మిద్దె మీద ఆదివారం సాయంత్రం ఐదుగురం కూర్చుంటాం, కథ నడిపిస్తూ శత్రువుల్ని ఆడే గేమ్ మాస్టర్ నేను. మొదట్లో రోగ్‌గా, అంటే తాళాలు తీసే దొంగ పాత్రలో, ఆడే తమ్ముడొకడు మూడు వారాలు వచ్చి నాలుగో వారం మానేశాడు. ఫోన్ చేస్తే "నా వంతు వచ్చేసరికి అంతా అయిపోయి ఉంటదన్నా, ఇంక నేనెందుకు" అన్నాడు. ఆ మాట చాలా రోజులు మనసులో మెదిలింది. తప్పు వాడిది కాదు, విజార్డ్, అంటే మంత్రగాడి పాత్ర, ఆడే అక్కదీ కాదు, తూకం చూసుకోని నాది. అప్పటి నుంచి నేర్చుకున్నవి ఇక్కడ రాస్తున్నాను. లెక్కలన్నీ 2014లో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్‌వి, మీరు ఆడేది వేరే ఆటైతే అంకెలు వదిలేసి పద్ధతి తీసుకోండి.

ముందు బలం చూడకండి, వంతులు లెక్కపెట్టండి. మొదటి లెవెల్‌లో, అంటే పాత్రలు ఇంకా బలహీనంగా ఉన్న మొదటి మెట్టులో, నలుగురు ఉన్నారనుకుందాం. ఎదురుగా ఓగర్ అనే భారీ రాక్షసుడు ఒకడు, 59 హిట్ పాయింట్లు (అవి అయిపోతే పడిపోయినట్టే), రౌండుకి, అంటే అందరి వంతులూ ఒకసారి తిరిగేలోపు, ఒకటే దెబ్బ, ఆ దెబ్బకి సగటున 13 పోతాయి. ఇప్పుడు ఓగర్ బదులు గాబ్లిన్లు అనే చిన్న రాక్షసుల్ని నాలుగిటిని పెట్టండి, ఒక్కోదానికి 7 చొప్పున నాలుగూ కలిపినా 28 హిట్ పాయింట్లే, దెబ్బకి సగటున 5. ఓగర్‌లో సగం కూడా లేవు కదా అనిపిస్తుంది. కానీ పుస్తకం లెక్క వేస్తే రెండూ ప్రాణాంతకం అనే గీతని అందుకునేవే, ఎందుకంటే గాబ్లిన్లకి రౌండుకి నాలుగు వంతులు వస్తాయి, నాలుగూ ఒకే మనిషి మీద పడితే వాడు లేవడు. అలాగని ఓగర్ తేలిక కాదు, 8 హిట్ పాయింట్లున్న విజార్డ్‌కి ఒక్క దెబ్బ తగిలితే పడిపోవడమే. అందుకే కొత్తవాళ్లతో నేను రెండు గాబ్లిన్లతో మొదలుపెట్టి, మరీ తేలిగ్గా పోతోంటే రెండో రౌండు తర్వాత ఇంకో రెండిటిని పొదల్లోంచి రప్పిస్తాను. తర్వాత కలపడం సులువు, కళ్ల ముందు పెట్టేసిన శత్రువుని వెనక్కి తీయడం కష్టం.

చోటు కూడా తూకమే. మా కథని ఉదయగిరి కోటలో పెట్టాను, 1514లో కృష్ణదేవరాయలు గజపతుల దగ్గర గెలుచుకున్న కోట. కొండ కోటలో ఇరుకు మెట్ల దారి ఒకటి గీశారంటే పైనుంచి పదిమంది కాపలావాళ్లు దిగినా ముందున్న ఇద్దరే కత్తి దూయగలరు. అదే పదిమందిని మైదానంలో పెడితే మీ ఆటగాళ్లు చుట్టుముట్టబడి ఛస్తారు. అంకె ఒక్కటి కూడా మార్చకుండా పోరాటాన్ని సగానికి తగ్గించే ఉపాయం ఇది.

ఇక అసలు గొడవంతా విశ్రాంతి దగ్గరే వస్తుంది, ఖర్చైన మంత్రాలు పడుకుని లేస్తే తిరిగొస్తాయి, చాలామంది దీన్ని పట్టించుకోరు. ఐదో లెవెల్ విజార్డ్ ఫైర్‌బాల్ అనే నిప్పుల మంత్రం వేస్తే ఆరు ముఖాల పాచికలు ఎనిమిది, సగటున 28 హిట్ పాయింట్లు పోతాయి, అదీ ఆ పరిధిలో ఉన్న అందరికీ. తప్పించుకున్నవాళ్లకీ సగం తగులుతుంది. ఫైటర్ రౌండుకి రెండుసార్లు కత్తి దూసినా అంత రాదు. కానీ ఫైర్‌బాల్ స్థాయి మంత్రాలు ఆ లెవెల్‌లో రోజుకి రెండు, మహా అయితే మూడే, కత్తికి అయిపోవడం అనేది లేదు. రోజుకి ఒకటే పోరాటం పెట్టి అందరినీ పడుకోబెడితే విజార్డే రాజు, మిగతావాళ్లు చూస్తూ కూర్చోవాలి. నేను చేసిన తప్పు సరిగ్గా అదే. 2014 పుస్తకం ఒక పెద్ద విశ్రాంతికీ (రాత్రి నిద్రకీ) ఇంకోదానికీ మధ్య ఆరు నుంచి ఎనిమిది మధ్యస్థ లేదా కఠినమైన పోరాటాల వరకు తట్టుకోగలరని చెబుతుంది. మూడు గంటల ఆటలో అన్ని కుదరవు, నాకైతే మూడు చాలు, కాకపోతే రాత్రి పడుకుంటే కాపలా పెరుగుతుందనో, బందీని తెల్లారేలోపు తరలిస్తారనో ఒక తొందర పెడతాను. మంత్రం ఇప్పుడు వాడాలా దాచుకోవాలా అని అక్క ఆలోచించడం మొదలుపెట్టిన రోజు ఆట మారిపోయింది.

మాయా ఆయుధాలు ఇచ్చేటప్పుడు చెయ్యి బిగించండి. దెబ్బ తగిలిందో లేదో తేల్చే ఇరవై ముఖాల పాచికలో ఒక్కో ప్లస్, అంటే వచ్చిన అంకెకి కలిపే ఒకటి, 5 శాతం, అంటే ప్లస్ 3 కత్తి ఇస్తే ప్రతి దెబ్బకీ 15 శాతం తోడిచ్చినట్టు, అదీ ఆట చివరిదాకా. దానికన్నా తనంతట తానే పైకెక్కే తాడు లాంటిది ఇవ్వండి, ముచ్చటగా ఉంటుంది, లెక్కా చెడదు.

ఎవరైనా రూల్స్ కలిపి అతి బలమైన క్యారెక్టర్ చేసుకొస్తే కథలో వాడిని శిక్షించకండి. ఆట అయ్యాక పక్కకి పిలిచి మామూలుగా మాట్లాడండి, చాలామంది వింటారు. పోరాటం చెయ్యి దాటిపోతే కొందరు పాచిక దాచి అంకె మారుస్తారు, నాకది నచ్చదు, పాచిక మీద నమ్మకం పోతే టెన్షన్ కూడా పోతుంది. దానికి బదులు శత్రువు ఆటగాళ్లని బందీలుగా పట్టుకోవచ్చు, బేరానికి రావచ్చు, నాయకుడు పడితే మిగతావాళ్లు పారిపోవచ్చు. పారిపోవడమే తెలివైన చోట మాత్రం ముందే గుర్తులు చూపించండి, విరిగిన కవచాలో, పాత ఎముకలో.

ఇప్పుడు ఆట ముందు ఒక కాగితం మీద అందరి పేర్లు రాసి, ఒక్కో పేరు పక్కన ఆ మనిషి లేకపోతే ముందుకు కదలని ఒక సందర్భం రాస్తాను. ఆ తమ్ముడిని బతిమాలి పిలిచిన వారం కోట గోడలో తాళం వేసిన దొంగదారి పెట్టాను, అది తీయగలిగేది వాడొక్కడే. ఆ తర్వాత ఒక్క ఆదివారం కూడా మానలేదు. ఆట ముగిశాక, చాపలు చుట్టే ముందు అందరినీ ఒకటే అడుగుతాను, ఈ రోజు నువ్వు చేసిన వాటిలో ఏది గుర్తుంది అని. ఎవరైనా చెప్పడానికి వెతుక్కుంటే, వచ్చే వారం మొదటి సీన్ వాళ్లకే రాస్తాను.