ఫిడోనెట్ నోడ్‌లిస్టులో ఇంటర్నెట్ చిరునామా నమోదు చేయించుకునే విధానం

1984లో టామ్ జెన్నింగ్స్ శాన్‌ఫ్రాన్సిస్కోలో, బులెటిన్ బోర్డులను (జనం ఫోన్ ద్వారా చేరి ఉత్తరాలు పంచుకునే కంప్యూటర్లను) కలిపే ఫిడోనెట్‌ను ఆరంభించినప్పుడు, ఒక బోర్డు కంప్యూటరు రాత్రివేళ మరొకదానికి ఫోన్ చేసి ఉత్తరాలు అందించడమే దాని పద్ధతి. అందువల్ల ఆ బోర్డుల (నోడ్‌ల) జాబితా అయిన నోడ్‌లిస్టులోని ప్రతి వరుసలోనూ కామాలతో విడదీసిన గడులు నోడ్ సంఖ్యకు, బోర్డు పేరుకు, ఊరికి, నిర్వాహకుడి పేరుకు, ఫోన్ నంబరుకు, మోడెమ్ వేగానికి ఉన్నాయి గాని, ఇంటర్నెట్ చిరునామాకు విడిగా గడి లేదు. వరుస చివర వచ్చే చిన్న సంకేతాలైన ఫ్లాగులే ఇప్పుడు ఆ పని చేస్తున్నాయి.

తొలిరోజుల్లో కొందరు ఫోన్ గడిలో 000 అనే కల్పిత దేశ సంకేతం వేసి, దాని పక్కన ఐపీ అంకెలను (ఇంటర్నెట్‌లో కంప్యూటరు సంఖ్యారూప చిరునామాను) చిన్న గీతలతో రాసేవారు. ఉపాయం తెలివైనదే అయినా, అంకెలు మారినప్పుడల్లా జాబితాను సవరించవలసి వచ్చేది కాబట్టి దానిని ఇప్పుడు అనుసరించవద్దు.

ముందుగా స్థిరమైన డొమైన్ పేరు సమకూర్చుకోండి. ఇంటి కనెక్షన్ ఐపీ తరచు మారేదైతే, మారిన అంకెలను ఎప్పటికప్పుడు పేరుకు జతచేసే డైనమిక్ డీఎన్ఎస్ సేవ సరిపోతుంది. ఆ పేరును ఐఎన్‌ఏ ఫ్లాగు తరువాత కోలన్ పెట్టి ఒక్కసారి రాస్తే, మిగిలిన ఇంటర్నెట్ ఫ్లాగులన్నీ దానినే వాడుకుంటాయి. తరువాత మీ యంత్రం నిజంగా జవాబిచ్చే ప్రొటోకాల్ (ఉత్తరాలు మార్చుకునే పద్ధతి) ఫ్లాగులను మాత్రమే చేర్చండి: బింక్‌పీకి ఐబీఎన్, టెల్నెట్‌కు ఐటీఎన్, ఇఫ్‌సికోకు ఐఎఫ్‌సీ. వీటి సహజ పోర్టులు (కనెక్షన్ అందుకునే ద్వార సంఖ్యలు) వరుసగా 24554, 23, 60179. వాటినే వాడుతుంటే పోర్టు సంఖ్య అక్కరలేదు, వేరే పోర్టయితే ఆ ఫ్లాగు పక్కనే కోలన్ పెట్టి రాయాలి. నేటి అవసరానికి ఐబీఎన్ ఒక్కటే చాలునని నా అభిప్రాయం. డొమైన్ పేరుకు బదులు కొత్త తరహా ఐపీవీ6 అంకెలే ఇవ్వదలచుకుంటే, అందులోని కోలన్లు పోర్టు గుర్తుతో కలిసిపోకుండా వాటిని చదరపు కుండలీకరణాల్లో ఉంచాలి. సేవాసంస్థ అనేకమందికి ఒకే పాత తరహా ఐపీవీ4 చిరునామాను పంచినందువల్ల బయటివారు దాని ద్వారా మిమ్మల్ని చేరలేని పరిస్థితి ఉంటే, ఐఎన్‌ఓ4 ఫ్లాగుతో ఆ సంగతి తెలియజేయండి.

ఫోన్ లేని నోడ్ అయితే ఫోన్ గడిలో ఇరువైపులా చిన్న గీతలతో అన్‌పబ్లిష్డ్ అనే మాటను, వేగం గడిలో 300ను వేయడం ఆనవాయితీ. పేర్లలోని ఖాళీలకు బదులు అండర్‌స్కోర్ రాయాలి. రోజంతా ఫోన్‌లో ఉత్తరాలు స్వీకరించే నోడ్‌కు సీఎం ఫ్లాగు, ఇంటర్నెట్‌లో మాత్రమే ఆ సదుపాయం ఉన్నదానికి ఐసీఎం తగినవి.

పంపేముందు మీ ఇంటి రౌటరు లోపలినుంచి కాక, బయటి కనెక్షన్ నుంచి ఆ పేరుకూ పోర్టుకూ కలిపి చూడండి. లోపలినుంచి చేసిన పరీక్ష ఫైర్‌వాల్ అడ్డును పట్టించదు. ఆ తరువాత వివరాలను మీ పరిధిలోని నోడ్‌ల జాబితా చూసుకునే నెట్ కోఆర్డినేటరుకు పంపితే, ఆయన తన భాగాన్ని పై విభాగమైన రీజియన్‌కు పంపగా, అక్కడినుంచి అది ఇంకా పెద్దదైన జోన్‌కు చేరి, వారం వారం వెలువడే జాబితాలో మీ వరుస మారుతుంది. ఫైలు పేరు చివరి మూడంకెలు సంవత్సరంలో అది ఎన్నో రోజో తెలుపుతాయి గనుక, మీరు చూస్తున్నది కొత్త సంచికేనా అని వాటితో పోల్చుకోవచ్చు. సర్వరును కొంతకాలం ఆపవలసివస్తే, పనిచేయని చిరునామాను అలాగే వదిలేయక, వరుస మొదట హోల్డ్ లేదా డౌన్ అని వేయమని కోఆర్డినేటరును కోరండి.