మడిచి లారీ చేయకపోతే ఎందుకు కట్టినట్టు?

ప్లాస్టిక్ ముక్కలు జోడించి బొమ్మలు కట్టుకునే లెగో సెట్లలో 10302 సంఖ్య సెట్టు పేరు ఆప్టిమస్ ప్రైమ్, అంటే లారీగా మారే రోబో. 2022లో వచ్చింది. ముక్కలు 1508, పెట్టె మీద వయసు 18+ అని ఉంటుంది. నాకు తెలిసినవాళ్ళలో దీన్ని కొన్నవారంతా నలభై దాటినవారే. కట్టడం పూర్తికాగానే రోబోను అద్దాల బీరువాలో నిలబెట్టి, ఫోటో తీసి, తాళం వేసేస్తారు. నాకు ఆ పద్ధతి నచ్చదు. ఈ బొమ్మ మనకు గుర్తుండిపోయింది దాన్ని రోబోగా, లారీగా మార్చి మార్చి ఆడుకున్నందుకే. కాబట్టి మార్చడానికి పనికొచ్చేలా దీన్ని ఎలా కట్టాలో చెబుతాను.

ముందు కాస్త పాత సంగతి. 1984లో అమెరికాలో హాస్‌బ్రో అనే బొమ్మల కంపెనీ ట్రాన్స్‌ఫార్మర్స్ అనే మారే రోబోల వరుస మొదలుపెట్టినప్పుడు, జపాన్‌లో టకారా కంపెనీ డయాక్లోన్ పేరుతో అమ్ముతున్న బొమ్మలలో కొన్నిటిని తీసుకుని కొత్త పేర్లు పెట్టింది. ఆప్టిమస్ కూడా అలా వచ్చినదే. మా వీధిలో అది ఒక్క ఇంట్లోనే ఉండేది, అమెరికాలోని మేనమామ పంపినది. వరుసలో నిలబడి ఆడుకునేవాళ్ళం. నా వంతు వచ్చేసరికి వాళ్ళమ్మ అన్నానికి పిలిచేది. ఇంకొకటి, ఆ పాత ఆప్టిమస్ చదునైన ముఖం ఉన్న లారీ. విజయవాడ రహదారిలో ఎదురొచ్చే లారీలలో చాలావాటి ముఖం అలాగే ఉండేది కాబట్టి అది మాకు పరాయిదిగా తోచలేదు. 2007 ట్రాన్స్‌ఫార్మర్స్ సినిమాలో దానికి పొడవాటి ముక్కు పెట్టేశారు. లెగో మళ్ళీ చదును ముఖానికే వచ్చింది, అదే నన్ను కొనిపించింది.

ఒక సలహా: కట్టే ముందు ట్రాన్స్‌ఫార్మర్స్ పాత కార్టూన్ మళ్ళీ చూడకండి. ఇప్పటి కళ్ళకు ఆ బొమ్మలు గీసిన తొందరే కనబడుతుంది. కట్టాక చూడండి.

బల్ల మీద తెల్ల పంచె మడత వేసి పరవండి. ముక్క జారిపడినా దొర్లిపోదు, నల్లది ఇట్టే కనబడుతుంది. సంచులకు అంకెలు ఉంటాయి. ఒక సంచి పూర్తయ్యేదాకా రెండోది విప్పవద్దు. 1508 ముక్కలూ రంగులవారీగా వేరుచేసి కూర్చునే ఓపికమంతులు ఉన్నారు, వారికి నమస్కారం. టిఫిను పళ్ళేలు నాలుగు చాలు: పలకలు, ఇటుకలు, ఇరుసులు, ముక్కల రంధ్రాలలో దూర్చి కలిపే పిన్నులు.

అసలు జాగ్రత్త పిన్నుల దగ్గరే. నల్లటి చిన్న పిన్నుకు ఒంటి మీద సన్నని గట్లు ఉంటాయి, అది రంధ్రంలో బిగుసుకుంటుంది. అదే కొలతలో ఉండే లేత బూడిదరంగు పిన్ను నున్నగా, తేలిగ్గా తిరుగుతుంది. చూడటానికి రెండూ ఎక్కడైనా సరిపోతాయి. బిగువుగా ఉండాల్సిన చోట నున్నటిది పెడితే కీలు జారుతుంది, తిరగాల్సిన చోట నల్లది పెడితే మొరాయిస్తుంది. సెట్టుతో వచ్చే సూచనల పుస్తకంలో రంగు అనుమానంగా ఉంటే పేజీని కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి చూడండి. రాత్రి పసుపు వెలుగు బల్బు కింద లేత, ముదురు బూడిదరంగులు రెండూ ఒకటిగా కనిపిస్తాయి. ఇరుసుల పొడవుకు మాత్రం కళ్ళను నమ్మకండి. అసలు కొలతలో పుస్తకంలోనే బొమ్మ ఉంటుంది, దాని మీద ఆనించి చూసుకోండి.

కాళ్ళు, నడుము, భుజాలు పూర్తయిన ప్రతిసారీ ఆగి, కీలును చివరిదాకా కదిపి చూడండి. ఈ రోబోకు 19 చోట్ల కదలిక ఉంది. ఒక చోట తేడా వస్తే పైన ఇంకో వంద ముక్కలు చేరాక విప్పడం నరకం. ముక్కలు విడదీసే లెగో మీటను దగ్గర పెట్టుకోండి, గోళ్ళు మిగులుతాయి.

ఇక మార్చడం. గొడ్డలి, తుపాకీ, వీపు మీది జెట్ సంచి ముందుగా తీసి పక్కన పెట్టండి. ఇవి తప్ప మరే ముక్కా ఊడదీయనక్కరలేదు, ఈ సెట్టు గొప్పతనమంతా అదే. 35 సెంటీమీటర్ల మనిషి 27 సెంటీమీటర్ల లారీ అయిపోతాడు. మొదటిసారి పుస్తకంలోని క్రమం తప్పవద్దు. ఎక్కడైనా అడ్డుపడితే బలం ఉపయోగించకండి, ముందు మడవాల్సింది ఏదో మడవలేదని అర్థం. ఒక చేత్తో నడుము పట్టుకుని, రెండో చేత్తో తిప్పండి. చేతులు పట్టుకుని లాగితే భుజం ముక్కలు వదులవుతాయి. నాలుగైదు సార్లు చేశాక పుస్తకం మూసేయండి. టీవీలో వార్తలు వింటూ చూడకుండా మార్చగలిగారంటే బొమ్మ మీదైనట్టే.

ఎక్కడ ఉంచాలన్నది పెద్ద విషయం కాదు, ఎండ నేరుగా పడకపోతే చాలు. ఎండకు ప్లాస్టిక్ రంగు మారుతుంది. దుమ్ముకు మెత్తటి పెయింటు కుంచె వాడండి, తడిగుడ్డ వద్దు. జిగురు అంటించాలని ఎవరైనా చెబితే వినవద్దు.

వాడిన సెట్టు కొనేవారు ఫోటోలతో సరిపెట్టుకోకుండా, రోబో నుంచి లారీకి మార్చే వీడియో అడగండి. వదులైన కీళ్ళు అందులో దాగవు. అంత ఖర్చు ఇప్పుడే ఎందుకనుకుంటే 2023లో వచ్చిన ఇంకో ట్రాన్స్‌ఫార్మర్స్ లెగో సెట్టు బంబుల్‌బీ ఉంది, 950 ముక్కలే. అది పసుపుపచ్చ కారు. మంచిదే, కానీ నాకు లారీయే కావాలి.