మూడవ పాఠం: ఖాతా వివరాలలో ఏవి ఇవ్వాలి, ఏవి దాచుకోవాలి

గత పాఠంలో పాస్‌బుక్ మొదటి పేజీని చదవడం నేర్చుకున్నాము. ఆ వివరాలను ఆన్‌లైన్ చెల్లింపుల సేవకు ఎంతవరకు ఇవ్వవచ్చో ఈ పాఠంలో తెలుసుకుందాము. ఆత్రేయపురంలో పూతరేకులు చుట్టి దూరప్రాంతాలకు పంపే ఒక గృహిణి, కొన్నవారి సొమ్ము తన ఖాతాలో పడేందుకు అటువంటి సేవలో నమోదవుతున్నారనుకుందాము.

పొలానికి నీరు తెచ్చే పంటకాలువ వేరు, నీరు తీసే మురుగుకాలువ వేరు అని గోదావరి డెల్టా వారికి ఒకరు చెప్పనక్కరలేదు. ఖాతా సంఖ్య, ఖాతాదారు పేరు, బ్యాంకు శాఖను గుర్తించే ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ సొమ్ము వచ్చే దారికి సంబంధించినవి కనుక వాటిని సేవకు ఇవ్వక తప్పదు; అమ్మకందారు నుంచి పాన్ సంఖ్య అడగడం కూడా మామూలే. యూపీఐ పిన్, ఓటీపీ, కార్డు వెనుక ఉండే మూడంకెల రహస్య సంఖ్య సీవీవీ, నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్ సొమ్ము పోయే దారివి. సొమ్ము అందుకోవడానికి పిన్ ఎన్నడూ అక్కరలేదు కాబట్టి, "డబ్బు వేస్తున్నాము, పిన్ నొక్కండి" అని ఫోనులో చెప్పేవారితో మాట పొడిగించకండి.

ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌లో పదకొండు స్థానాలుంటాయి. మొదటి నాలుగు అక్షరాలు బ్యాంకును, చివరి ఆరు స్థానాలు శాఖను తెలుపుతాయి; నడుమనున్న ఐదవది సున్నా, దానిని ఇంగ్లీషు 'ఓ' అక్షరంగా కొట్టడం తరచు జరిగే పొరపాటు. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది గనుక, ఇంట్లో బీరువాలో ఉన్న పాత పాస్‌బుక్‌లో 'ఏఎన్‌డీబీ'తో మొదలయ్యే కోడ్‌ను చూసి ఎక్కించకండి. శాఖలో కొత్త కోడ్ అడిగి తెలుసుకోండి.

ఖాతా సంఖ్యను రెండుసార్లు కొట్టమనడం విసుగు పుట్టించినా, దానికి కారణముంది. సొమ్ము జమ అయ్యేది ప్రధానంగా సంఖ్యను బట్టే, పేరును బట్టి కాదు. అందుకే కొన్ని సేవలు ముందుగా ఒక్క రూపాయి వేసి, ఖాతాదారు పేరు సరిపోయిందో లేదో చూసుకుంటాయి.

రద్దు చేసిన చెక్కు అడిగితే, చెక్కుబుక్కులో నుంచి ఒక కాగితం తీసి, దాని మీద ఏటవాలుగా రెండు గీతలు గీసి, వాటి మధ్య ఇంగ్లీషులో 'క్యాన్సిల్డ్' అని పెద్ద అక్షరాలతో రాయండి. గీతలు ఖాతా సంఖ్య మీదుగా గాని, ఐఎఫ్‌ఎస్‌సీ మీదుగా గాని పోకూడదు. సంతకం పెట్టకండి; అలవాటు కొద్దీ చెయ్యి అటే పోతుంది. పాస్‌బుక్ ఫోటో కన్నా నాకు ఇదే మేలనిపిస్తుంది, ఎందుకంటే పాస్‌బుక్ పేజీలో చాలావరకు చిరునామా కూడా ఉంటుంది.

ధాన్యం సొమ్ము, పొదుపు సొమ్ము ఉన్న ఖాతాను ఈ పనికి వాడకుండా, చిన్న ఖాతా వేరుగా తెరవడం మంచిది. మోసం జరిగిందని తెలిసిన వెంటనే సైబర్ మోసాలపై ఫిర్యాదు తీసుకునే 1930 నంబరుకు ఫోను చేసి, బ్యాంకుకు కూడా తెలియజేయాలి.

అభ్యాసం: మీ శాఖ ఐఎఫ్‌ఎస్‌సీని మూడు ముక్కలుగా విడదీసి రాయండి. ఖాతా నుంచి నెలనెలా సొమ్ము తీసుకునేందుకు ఇచ్చే అనుమతి గురించి వచ్చే పాఠంలో చూద్దాము.